మన కూలి ఏ గడిలో రాద్దాం?

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో డిగ్రీ విద్యార్థినులు చేసిన ప్రసంగ పాఠం)



మేము అయిదుగురం. బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాం. అయిదుగురి అమ్మలూ ఈ సమాఖ్య కింద ఉన్న సంఘాల్లో సభ్యులే. మాలో ఇద్దరి ఫీజులు సంఘం అప్పుతోనే కట్టారు. కాబట్టి మీకేదో నేర్పుదామని మేము ఈ మైకు ముందుకు రాలేదు. ప్రాజెక్టు పని మీద ఒక బజారుకు వెళ్ళాం. అక్కడ ఒక లెక్క వేశాం. ఆ లెక్కలో ఒక గడి ఖాళీగా ఉందని అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చి చూస్తే మా ఇళ్ళలోని లెక్కల్లో కూడా అదే గడి ఖాళీగా ఉంది. ఆ సంగతి మీ ముందు పెడదామని వచ్చాం.

డిగ్రీలో ఇప్పుడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని ఒకటుంది. 180 గంటలు ఊళ్ళలో తిరిగి, జనంతో మాట్లాడి, చూసింది రిపోర్టుగా రాయాలి. మనవి పత్తి, మిర్చి పండే ఊళ్ళు గదా, ముందు గుంటూరు మిర్చి యార్డు చూద్దామనుకున్నాం. ఆసియాలోనే అంత పెద్ద మిర్చి మార్కెట్ లేదంటారు. నాన్నలు టిక్కీలు వేసుకుని వెళ్ళడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం గానీ మేమెవ్వరం లోపల అడుగు పెట్టలేదు. అమ్మలూ పెట్టలేదు. కానీ మాకు వీలు దొరికింది మే నెలలో. అప్పటికి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేశారు. సరే, గుంటూరులో రైతుబజారు చూద్దాం, అక్కడైతే ఆడవాళ్ళు కూడా అమ్ముతారు, మాట్లాడటానికి సులువుగా ఉంటుంది అనుకున్నాం.

వెళ్ళేముందు రాత్రి కూర్చుని కొంత చదువుకున్నాం. రైతుబజార్లు మన ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న మొదలయ్యాయి. అంతకుముందే పంజాబ్, హర్యానా వైపు ‘అప్నీ మండీ’ అని ఇలాంటివి నడిచాయి. మన తర్వాత అదే 1999 నవంబరులో తమిళనాడు వాళ్ళు మధురైలో ‘ఉళవర్ సందై’ మొదలుపెట్టారు. పేర్లు వేరైనా ఉద్దేశం ఒకటే. పండించినవాళ్ళు నేరుగా వచ్చి అమ్ముకోవాలి, తినేవాళ్ళు నేరుగా కొనుక్కోవాలి. మధ్యలో కమీషను ఉండదు. కూర్చునే చోటుకు అద్దె ఉండదు. పండించే రైతే అని విచారించి కార్డు ఇస్తారు. రోజూ పొద్దున్నే ఆ రోజు ధరలు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. టోకు ధర కంటే కొంచెం ఎక్కువ, బయటి చిల్లర ధర కంటే కొంచెం తక్కువ. దానివల్ల అమ్మేవాళ్ళకీ నాలుగు రూపాయలు, కొనేవాళ్ళకీ నాలుగు రూపాయలు కలిసి రావాలని. ఇదంతా నోటుబుక్కులో చక్కగా రాసుకున్నాం. రిపోర్టు సగం అయిపోయిందనే అనుకున్నాం.

పొద్దున ఆరున్నరకు బజారు దగ్గర దిగాం. అప్పటికే జనం సంచులు పట్టుకుని తిరుగుతున్నారు. గేటు దగ్గర ధరల బోర్డు ఉంది. లోపల వరసగా గట్లు, ఒక్కో గట్టుకు ఒక్కో నంబరు. వంకాయలు, బెండకాయలు, దోసకాయలు, గోరుచిక్కుళ్ళు, పచ్చిమిర్చి. ఒక పక్కన మనలాంటి సంఘం వాళ్ళ స్టాలు కూడా ఉంది. చింతపండు, కందిపప్పు, కారం, ఆవకాయ అమ్ముతున్నారు. అది చూసి మాకు సంతోషమేసింది. సంఘంలో మా అమ్మలు కూడా ఉన్నారని వాళ్ళకు చెప్పుకుని రెండు నిమిషాలు నిలబడ్డాం.

ఆకుకూరల వరసలో ఒక పిన్ని దగ్గర ఆగాం. గోంగూర, తోటకూర కట్టలు తడిగుడ్డ కింద పెట్టుకుని కూర్చుంది. బోర్డు మీద కట్ట 5 రూపాయలు అని ఉంది. మేము ఆరు కట్టలు తీసుకుని ఇరవై రూపాయలిస్తాం అన్నాం. ఎందుకన్నామంటే, అలవాటు. కూరల బేరం ఆడకపోతే తెలివితక్కువ అనుకుంటాం గదా. ఆ పిన్ని మా ముఖాలు చూసి, “చదువుకునే పిల్లల్లాగున్నారు, తీసుకోండమ్మా” అని ఇచ్చేసింది. పది రూపాయలు మిగిలాయని మేము గొప్పగా నవ్వుకున్నాం. దయచేసి ఈ పది రూపాయల సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

తర్వాత మా ప్రాజెక్టు సంగతి చెప్పి, మీ లెక్క రాసుకుంటాం, చెప్తారా పిన్నీ అని అడిగాం. “దానికేముంది, కూర్చోండి, బేరాలొస్తే మధ్యలో ఆపుతా” అంది. ఆమెది ప్రత్తిపాడు వైపు నల్లరేగడి ఊరు. ఎకరంన్నర సొంతం, రెండెకరాలు కౌలు. చేలో పత్తి, మిరప. బోరు పక్కన ఇరవై సెంట్లలో ఆకుకూరలు వేస్తుంది. వారానికి మూడు రోజులు బజారుకు వస్తుంది. ఆమె కూడా పన్నెండేళ్ళుగా సంఘం సభ్యురాలు. రెండేళ్ళు రెండో లీడరుగా చేసిందట.

పదకొండింటి దాకా ఆమె పక్కనే ఉన్నాం. తెచ్చింది 200 కట్టలు. చివరికి 28 మిగిలాయి. అవి గేదెకు వేస్తానంది. గల్లాలో చేరింది 850 రూపాయలు. ఇక ఖర్చులు అడిగాం. నలుగురు కలిసి మాట్లాడుకున్న ట్రక్కు ఆటోలో ఆమె వాటా రానూ పోనూ 120. విత్తనం, ఎరువు, మందు, కలుపుకి పెట్టిన కూలీలు, ఇవన్నీ ఆ రోజు సరుకు మీద పంచితే 100 అని ఆమే చెప్పింది. టీ, టిఫిను 40. మొత్తం 260. పోగా మిగిలింది 590. “ఆరొందల దాకా లాభమేనమ్మా” అంది. మేమూ ‘లాభం: 590’ అని రాసి కింద రెండు గీతలు కొట్టాం.

అప్పుడు మాలో ఒకరికి అనుమానం వచ్చింది. కాస్టు అకౌంట్స్ పేపర్లో కూలి ఖర్చు అని మొదటి పాఠం చదివాం గదా. “పిన్నీ, మరి మీ కూలి ఎంత వేశారు?” అని అడిగింది.

ఆ పిన్ని నవ్వింది. “నా కూలేందమ్మా? నేనేమన్నా పరాయోళ్ళ చేలోకి పోయానా? నా చేలో నేను చేసుకుంటే కూలెట్టా అయిద్ది?” అంది.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. కానీ నోటుబుక్కు తెరిచే ఉంది, అందుకని ఆమె పని గంటలు అడిగి రాసుకున్నాం. ముందురోజు మధ్యాహ్నం మూడింటికి కోత మొదలుపెట్టింది. కడగడం, కట్టలు కట్టడం అయ్యేసరికి రాత్రి ఎనిమిది. అది అయిదు గంటలు. తెల్లారగట్ల నాలుగింటికి లేచి ఆటో ఎక్కింది. తిరిగి ఇంటికి చేరేసరికి పన్నెండు. అది ఎనిమిది గంటలు. మొత్తం 13 గంటలు. కూలికి పోతే ఎనిమిది గంటలకు ఒక రోజు కట్టుకుంటే, ఒకటిన్నర రోజుకు తక్కువ కాదు. మిరప కోతలప్పుడు వాళ్ళ ఊళ్ళో ఆడమనిషికి రోజుకు 400 ఇచ్చారట. ఒకటిన్నర రోజుకు 600. మిగిలిన 590 లోంచి 600 తీసేస్తే పది రూపాయలు లోటు.

ఆ పది రూపాయలు మేము బేరమాడి తగ్గించినవే. మేము బోర్డు మీద ధర ఇచ్చి ఉంటే ఆ రోజు ఆమె లెక్క సున్నాకు సరిపోయేది. ఆమె కూలి ఆమెకు దక్కేది. లాభం అనేది ఎట్లాగూ లేదు. మేము పర్సులోంచి పది రూపాయలు తీసి ఇవ్వబోతే, “ఇచ్చేసినాక మళ్ళీ తీసుకుంటానా” అని కసిరింది. చెయ్యి వెనక్కి తీసుకోవడం తప్ప ఏం చెయ్యలేకపోయాం.

అయితే ఈ కథ ఇక్కడితో ఆపితే మేము ఆ పిన్నికి అన్యాయం చేసినట్టే. మా లెక్క చూపించి, “పిన్నీ, బజారుకు రావడం మీకు గిట్టుబాటు కాదు, కూలికి పోవడమే మేలు” అన్నాం, పెద్ద తెలిసినట్టు. ఆమె కాసేపు ఆ కాగితం వైపు చూసి, ఇట్లా అంది. “అమ్మాయ్, మీ లెక్క మంచిదే. కానీ కూలి రోజూ ఉంటదా? కోతలు మూడు నెలలు. ఆ తర్వాత ఎవరు పిలుస్తారు నన్ను? గోంగూర అట్టా కాదు, రోజూ కోతకొచ్చిద్ది. ఇంకోటి, కూలి డబ్బులు ఎప్పుడిస్తే అప్పుడే. ఇక్కడ పదకొండింటికల్లా నా చేతిలో పడతయ్. సంఘం పొదుపు, బ్యాంకు వాయిదా ఈ గోంగూర మీదే కడుతున్నా.”

నిజమే. కూలి దొరికే నెలలు, దొరకని నెలలు వేరు చెయ్యకుండా మేము ఒకే ధర కట్టేశాం. ఆమె ఆ తేడా మనసులో కట్టుకుంది, కాగితం మీద పెట్టలేదు. మేము కాగితం మీద పెట్టాం గానీ ఊళ్ళో పని సంగతి తెలియక పెట్టాం. రెండూ కలిస్తేనే సరైన లెక్క అయింది. కాసేపటికి ఆమే అంది. “కోతల నెలల్లో మూడు రోజులు కాకుండా రెండు రోజులే రావాలి నేను. ఇన్నేళ్ళు ఆలోచించలా.” పక్క గట్టు మీద కూర్చున్న ఆమె స్నేహితురాలు వింటూ ఉంది. ఆమెదీ ఆ ఊరే, ఆమెదీ ఆకుకూరలే. “ఇద్దరం చెరో రోజు కూర్చుని రెండు ఇళ్ళ సరుకూ అమ్మితే? ఒకరికి రోజు మిగులుద్ది గదా” అంది. పండించినవాళ్ళే అమ్మాలని బజారు నియమం కాబట్టి, అలా కుదురుతుందో లేదో అక్కడి ఆఫీసులో అడిగి చూద్దామనుకున్నారు. ముందు కట్టలు కట్టే పనైనా ఇద్దరూ కలిసి చేసుకుందామనుకున్నారు. కూలి గడి నింపాక పది నిమిషాల్లో వచ్చిన ఆలోచనలు ఇవి.

ఇంకో సంగతి. బజారు కార్డు ఎవరి పేరు మీద ఉంది పిన్నీ అని అడిగాం. “మా ఆయన పేరు మీద. పాసుపుస్తకం ఆయన పేరు మీదే గదా” అంది. విత్తనం చల్లేది, నీళ్ళు పెట్టేది, కోసేది, కట్టేది, మోసేది, అమ్మేది ఆమె. కార్డు ఆయనది. ఇది ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు. అడిగితే చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అయిదుగురం ఎవరి ఆలోచనలో వాళ్ళం ఉన్నాం. కొంతదూరం వచ్చాక మాలో ఒకరు కిటికీలోంచి బయటికి చూస్తూ, “మా అమ్మ కూడా మార్కెట్లో కూర్చుంటది. వంకాయలు, దోసకాయలు అమ్ముద్ది. మీకెప్పుడూ చెప్పలేదు” అంది. మూడేళ్ళుగా ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. మాకు తెలియదు. నామోషీ అనుకుని చెప్పలేదట. ఆ రోజు వరకు మిగతావాళ్ళం బేరమాడే వైపు ఉన్నాం, ఆమె ఒక్కతే రెండు వైపులా ఉంది. మేమేమీ అనలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాం.

ఆ వారం అయిదుగురం మా మా ఇళ్ళలో పంట లెక్కలు అడిగాం. నాన్నలు నోటుబుక్కులు తీశారు. మిరపకు పెట్టిన ఖర్చు పైసాతో సహా ఉంది. విత్తనం, నారు, డీఏపీ, మందులు, ట్రాక్టరు, కలుపు కూలి, కోత కూలి, సంచులు, కిరాయి, కమీషను, కోల్డు స్టోరేజి అద్దె. ఒక ఇంట్లో, కోత కూలీలకు కొన్న వేరుశెనగ ఉండల ఖర్చు కూడా రాసుంది. అయిదు పుస్తకాల్లో ఏ ఒక్కదానిలోనూ అమ్మ కూలి లేదు.

ఒక ఇంట్లో అమ్మను కూర్చోబెట్టి ఎకరం మిరపకు ఎన్ని రోజులు పనిచేసిందో గుర్తు చేయించాం. మొదట “ఏమో, గుర్తెట్టా ఉంటయ్” అంది. వినాయక చవితికి ముందు ఏం చేశావు, దసరా సెలవుల్లో ఏం చేశావు, సంక్రాంతికి ఏం చేశావు అని పండగలు పట్టుకుని అడిగితే ఒక్కొక్కటే వచ్చాయి. నాటడం, చచ్చిన మొక్కల చోట మళ్ళీ పెట్టడం, కలుపు, నీళ్ళు, మందు కొట్టేవాళ్ళకు నీళ్ళు మోయడం, కోతలప్పుడు కూలీలతో పాటు సాలు పట్టడం, కల్లంలో కాయ తిరగేయడం, మబ్బు పడితే పరదాలు కప్పడం, తాలు ఏరడం. అన్నీ కలిపితే 83 రోజులు. కూలీలకు వండిపెట్టింది, గేదెల పని ఇందులో లేవు. రోజుకు 300 చొప్పున కట్టినా 24,900 రూపాయలు. ఆ ఏడాది ఆ ఎకరం మీద మిగిలిందని ఇంట్లో అనుకున్న డబ్బు అంతకంటే తక్కువ.

నాన్న మొదట నవ్వి, “ఈ లెక్కన ఎవరూ సేద్యం చెయ్యక్కర్లా” అన్నారు. తర్వాత కాసేపు ఆగి, “మరి నా కూలి?” అన్నారు. న్యాయమే గదా. ఆయన రోజులు కూడా రాశాం. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఆయనకు మగకూలి రేటు, అమ్మకు ఆడకూలి రేటు వెయ్యాలా అని. ఒకే సాలులో ఒకే పని చేసినరోజు ఇద్దరికీ ఒకటే వేశాం. ఆయన కాదనలేదు. అమ్మ మాత్రం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మన ఇంటి పుస్తకంలో లేని గడి ఢిల్లీలో సర్కారు పుస్తకంలో ఉంది. పంటలకు మద్దతు ధర సిఫారసు చేసే వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ మూడు రకాల లెక్కలు చూస్తుంది. చేతిలోంచి ఖర్చు పెట్టింది ఒకటి, దాన్ని ఏ2 అంటారు. ఇంటిల్లిపాదీ చేసిన పనికి కట్టిన విలువ ఎఫ్ఎల్. సొంత భూమి కౌలు విలువ, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సీ2. 2018-19 బడ్జెట్‌లో ఖర్చుకు ఒకటిన్నర రెట్లు మద్దతు ధర అన్నప్పుడు, ఏ2కి ఎఫ్ఎల్ కలిపి ఒకటిన్నర రెట్లు అని లెక్క తీసుకున్నారు. స్వామినాథన్ గారి అధ్యక్షతన 2004 నుంచి 2006 దాకా పనిచేసిన జాతీయ రైతు కమిషన్ పేరు చెప్పి రైతు సంఘాలు అడిగేది సీ2 మీద. ఏ లెక్క న్యాయమన్నది పెద్ద వాదన, అది అట్లా ఉంచుదాం. మనకు కావలసిన సంగతి ఒకటే. రెండు లెక్కల్లోనూ ఇంటివాళ్ళ కూలి ఉంది. 2025-26లో పత్తికి ప్రకటించిన మద్దతు ధర, మధ్యరకం పింజకు క్వింటాలు 7,710, పొడవు పింజకు 8,110 రూపాయలు. ఆ అంకెలో మన అమ్మలు పత్తి తీసిన, కలుపు తీసిన రోజులకు కూడా విలువ కట్టారు. అది చాలునా, చాలదా అని అడగాలంటే ముందు మన దగ్గర మన లెక్క ఉండాలి గదా.

మిర్చికైతే ఆ మద్దతు ధర కూడా లేదు. ఆ జాబితాలో మిర్చి లేదు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు అని ప్రకటించింది. ఆ రోజుల్లో ఊళ్ళో ప్రతి అరుగు మీదా ఖర్చెంత, ధరెంత అనే మాటే. ‘ఎకరానికి ఇంత ఖర్చయింది’ అని మగవాళ్ళు చెప్పిన ఏ అంకెలోనూ అమ్మల రోజులు లేవు. అంటే మనం మన ఖర్చును మనమే తగ్గించి చెప్పుకుంటున్నాం.

ఇది మా ఊళ్ళో రెండు సంఘాల మీటింగుల్లో చెప్పాం. అక్కడ కొందరు అక్కలు సూటిగా అడిగారు. “రాస్తే డబ్బులొస్తాయా?” అని. రావు. అబద్ధం చెప్పి మిమ్మల్ని నమ్మించం. 24,900 అని రాసినంత మాత్రాన ఎవరూ తెచ్చి ఇవ్వరు. “మరి నష్టం వచ్చిందని తెలుసుకుని ఏడవడం తప్ప లాభమేంటి?” అని ఇంకొకరు అడిగారు. దానికి మేము చెప్పగలిగింది మూడు మాటలు.

ఒకటి. ఏ పనికి మన రోజులు ఎక్కువ పోతున్నాయో, ఏ పని మన రోజుకు ఎక్కువ ఇస్తుందో తెలుస్తుంది. గోంగూర పిన్ని కోతల నెలల్లో రెండు రోజులే రావాలనుకుంది, మిగతా నెలల్లో మూడు. బజారు మానెయ్యలేదు, కూలికీ మానెయ్యలేదు. ఏది ఎప్పుడో తేల్చుకుంది.

రెండు. అప్పు తీసుకునేటప్పుడు సూక్ష్మ ప్రణాళిక రాస్తాం గదా. ఎంత కావాలి, ఎంత మిగులుతుంది, వాయిదా ఎట్లా కడతాం అని. అందులో మిగులు అని రాసే అంకె నిజంగా మిగులేనా, లేక మన కూలేనా అని తెలియాలి. కూలిని మిగులు అనుకుని దాని మీద పెద్ద అప్పు చేస్తే, ఒక్క జ్వరం వస్తే చాలు, వాయిదా తప్పుతుంది.

మూడు. ఇంట్లో మాట. టిక్కీలు ఇప్పుడు అమ్మాలా, కోల్డు స్టోరేజిలో పెట్టాలా, వచ్చే ఏడు కౌలు పెంచాలా అనే మాటలు జరిగేటప్పుడు, అందులో 83 రోజులు తనవి అని తెలిసిన మనిషి పక్కన కూర్చుని వినడం వేరు, మాట చెప్పడం వేరు.

పంచసూత్రాల గురించి మేము మీకు చెప్పక్కర్లేదు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, అయిదోది పుస్తకాల నిర్వహణ. అక్షరాలు రాని రోజుల నుంచి మీరు పుస్తకాలు రాయించుకున్నారు. రోజుకు రూపాయి పొదుపు దగ్గర మొదలై ఇవాళ లక్షల్లో బ్యాంకు లింకేజి దాకా వచ్చారు. సంఘం పుస్తకంలో పది రూపాయలు తేడా వస్తే అందరూ లేచి అడుగుతారు. మరి చేలో ఒక ఏడాదిలో 83 రోజులు కనపడకుండా పోతే ఎవరూ అడగలేదేం? మేమూ అడగలేదు. ఆ అన్నం తినే చదువుకున్నాం.

అందుకని ఈ సభ ముందు మూడు విన్నపాలు పెడుతున్నాం. పాలకవర్గం చర్చించి, నచ్చితే తీర్మానం చెయ్యండి.

మొదటిది, వచ్చే ఖరీఫ్ నుంచి ప్రతి గ్రామ సంఘంలో కనీసం పదిమంది సభ్యులు పంట పనిరోజుల పుస్తకం పెట్టాలి. పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఒక రూళ్ళ నోటుబుక్కు, నాలుగు గడులు చాలు. తేదీ, పని, ఎన్ని గంటలు, ఆ రోజు ఊళ్ళో కూలి ఎంత. రాయడం రాకపోతే గంటకొక గీత గీయండి. నెలకోసారి మేము వచ్చి కూడిపెడతాం. ఇంట్లో మగవాళ్ళ రోజులు కూడా రాయండి, లేకపోతే అది కూడా సగం లెక్కే.

రెండోది, రైతుబజారు కార్డులు, సంఘాల స్టాళ్ళ సంగతి. మన మండలంలో కూరగాయలు, ఆకుకూరలు వేసే సభ్యులు ఎందరో సమాఖ్య ఒక జాబితా రాయాలి. కార్డుకు ఏ కాగితాలు కావాలి, ఆడవాళ్ళ పేరున తీసుకోవడానికి ఏం చెయ్యాలి, ఇద్దరు ముగ్గురు కలిసి వంతులవారీగా అమ్ముకోవచ్చా అని సమాఖ్య తరఫున రాతపూర్వకంగా అడగాలి. ఒక్కొక్కరం వెళ్తే రేపు రమ్మంటారు. సమాఖ్య లెటరుతో వెళ్తే కూర్చోమంటారు. కౌలు చేసేవాళ్ళకు 2019 చట్టం కింద పదకొండు నెలలకు పంట సాగుదారు హక్కు పత్రం ఇస్తారు. ఆ పత్రంలో మీ పేరు ఉందో లేదో ఇంటికెళ్ళి ఒకసారి చూడండి.

మూడోది మాకు మేము పెట్టుకున్నది. బోర్డు మీద ధర రాసి ఉన్నచోట బేరమాడం. మా కాలేజీలో స్నేహితులకు కూడా ఇదే చెప్తున్నాం. షాపింగ్ మాల్‌లో స్టిక్కరు మీద ధర ఎంతుంటే అంత ఇచ్చేసి వస్తాం గదా, గోంగూర కట్ట దగ్గరే ఎందుకు మన తెలివి?

ఐక్యరాజ్య సమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. అంతకుముందే స్వామినాథన్ గారు రాజ్యసభ సభ్యునిగా మహిళా రైతుల హక్కుల బిల్లు, 2011 అని ఒకటి తెచ్చారు. భూమి పేరు మీద ఉన్నా లేకపోయినా సేద్యం చేసే స్త్రీ రైతేనని దాని సారం. అది చట్టం కాలేదు. అయ్యేదాకా ఆగక్కర్లేదు. నేను ఈ చేలో ఇన్ని రోజులు పనిచేశాను అని రాసుకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

మా ప్రాజెక్టు రిపోర్టు కాలేజీలో ఇచ్చేశాం. అందులో ‘లాభం: 590’ అని రాసి గీతలు కొట్టిన కాగితం కూడా అట్లాగే పెట్టాం, చింపలేదు. దాని కింద సరిచేసిన లెక్క రాశాం. సమాఖ్య ఆఫీసులో ఒక కాపీ ఇస్తున్నాం, ఎవరైనా చూడొచ్చు.

బస్సులో మాట చెప్పిన మా స్నేహితురాలు ఇప్పుడు ఆదివారాలు వాళ్ళ అమ్మతో పాటు మార్కెట్లో కూర్చుంటుంది. లెక్క తనే రాస్తుంది. మొన్న వాళ్ళ అమ్మ అడిగిందట, “నీ కూలి కూడా రాశావా?” అని. రాసింది.

 నోటుబుక్కులు బయట బల్ల మీద పెట్టాం. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కటి తీసుకెళ్ళండి.